అబార్షన్ విషయంలో మన ఎమ్మెల్యే అభ్యర్థి వైఖరిని పోలింగుకు ముందే తెలుసుకోవడం ఎలా

2024 మే నెల మొదటి వారంలో, ఒక సాయంత్రం అనంతపురంలోని మా వీధికి ఒక అభ్యర్థి ప్రచారానికి వచ్చినప్పుడు, హారతి పళ్లేలు పట్టుకుని నిలబడిన ఆడవాళ్ల మధ్య నుంచి నేను ఒక ప్రశ్న అడిగాను. "అబార్షన్ మీద మీ అభిప్రాయం ఏమిటి?" అన్నాను. పక్కనున్న వాళ్లు తల దించుకున్నారు. ఆయన చేతులు జోడించి, "అది ఆడవాళ్ల విషయం కదమ్మా, మా ఇంటామె వచ్చినప్పుడు అడుగుదురుగాని" అని ముందుకు సాగిపోయారు. ఆ రాత్రంతా ఆయన మీద కోపంగానే ఉన్నాను. తరువాత నిదానంగా ఆలోచిస్తే, నేను అడిగిన తీరులోనే లోపం ఉందని తెలిసింది. అభిప్రాయం అడిగితే ఎవరైనా తప్పించుకోగలరు. మన ఊరి ఆసుపత్రిలో ఈ సేవ వారానికి ఎన్ని రోజులు, ఏ డాక్టరు ద్వారా అందుతుందని అడిగితే తప్పించుకోవడం అంత సులభం కాదు.

హంద్రీ–నీవా నీళ్ల గురించి అడిగినంత సహజంగా దీన్ని కూడా అడగడానికి ఏమేమి సిద్ధం చేసుకోవాలో ఇక్కడ రాస్తున్నాను. మీరు అబార్షన్‌ను సమర్థించేవారైనా, మనసుకు ఒప్పనివారైనా, అభ్యర్థి ఎక్కడ నిలబడ్డాడో తెలుసుకునే హక్కు మీకు సమానంగా ఉంది.

మొదట చట్టం ఎవరి చేతిలో ఉందో స్పష్టంగా తెలుసుకోవాలి. ఎంటీపీ చట్టం అని వాడుకలో పిలిచే గర్భవిచ్ఛిత్తి చట్టాన్ని 1971లో పార్లమెంటు చేసింది. 2021లో దానికి పెద్ద సవరణ జరిగింది. ఇప్పుడున్న నిబంధనల ప్రకారం, 20 వారాల వరకు చట్టం చెప్పిన కారణాలున్నాయని ఒక డాక్టరు నిర్ధారిస్తే చాలు. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం కావాలి. అది కూడా అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్తను కోల్పోయినవారు లేదా విడాకులు పొందినవారు, వికలాంగులు వంటి కొన్ని వర్గాలకే వర్తిస్తుంది. 24 వారాలు దాటాక, పిండంలో తీవ్రమైన లోపాలున్నాయని రాష్ట్ర ప్రభుత్వం నియమించిన మెడికల్ బోర్డు తేల్చితేనే అనుమతి లభిస్తుంది. తల్లి ప్రాణం కాపాడడానికి తక్షణం అవసరమైనప్పుడు ఈ వారాల లెక్క అడ్డు రాదు. 18 ఏళ్లు నిండిన స్త్రీకి ఆమె సొంత సమ్మతి ఒక్కటే చాలు. భర్త సంతకం కావాలని చట్టంలో ఎక్కడా లేదు. పెళ్లి కాలేదన్న కారణంతో 20–24 వారాల మధ్య అవకాశాన్ని నిరాకరించకూడదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

కాబట్టి ఎన్ని వారాల వరకు అనుమతి అన్నది నిర్ణయించేది మన శాసనసభ కాదు. అమెరికాలో చదువుకునే, ఉద్యోగాలు చేసే పిల్లలున్న ఇళ్లు మన కడప, అనంతపురాల్లో చాలా ఉన్నాయి గనుక ఒక తేడా చెప్పాలి. అబార్షన్‌ను రాజ్యాంగ హక్కుగా గుర్తించిన 1973 నాటి రో వర్సెస్ వేడ్ తీర్పును అక్కడి సుప్రీంకోర్టు 2022 జూన్ 24న కొట్టివేసిన తరువాత, అబార్షన్ ఉండాలా వద్దా అన్నది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం తేల్చుకోవలసిన విషయంగా మారింది. అందువల్ల అక్కడి రాష్ట్ర శాసనసభ అభ్యర్థిని "అనుకూలమా, వ్యతిరేకమా" అని అడగడంలో అర్థం ఉంది. ఆ ప్రశ్ననే మనం ఎత్తుకొచ్చి ఇక్కడ అడిగితే, "చట్టం ఢిల్లీలో ఉందమ్మా" అన్న జవాబుతో మాట ముగిసిపోతుంది.

ఆ జవాబు సగమే నిజం. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర జాబితాలోని అంశాలు. ఏరియా ఆసుపత్రిలో స్త్రీవైద్య నిపుణుల పోస్టు, మత్తు డాక్టరు పోస్టు భర్తీ అవుతాయా లేదా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్లకు శిక్షణ ఇప్పిస్తారా లేదా, మందులకు బడ్జెట్టు ఎంత, మెడికల్ బోర్డు ఎక్కడ కూర్చుంటుంది అన్నవన్నీ రాష్ట్ర ప్రభుత్వం చేతిలోనివి. ప్రైవేటు ఆసుపత్రులకు ఈ సేవ చేసేందుకు అనుమతి ఇచ్చేది జిల్లా స్థాయి కమిటీ. ఎమ్మెల్యే శాసనసభలో ప్రశ్న వేయగలరు, బడ్జెట్టు చర్చలో మాట్లాడగలరు, ఆసుపత్రి అభివృద్ధి కమిటీ సమావేశంలో గట్టిగా అడగగలరు. అభ్యర్థి వైఖరిని కొలవవలసింది ఈ గజంతోనే.

ఇక పని ఎక్కడ మొదలుపెట్టాలి? ఎన్నికల షెడ్యూలు రావడానికి కనీసం రెండు నెలల ముందు సమాచార హక్కు దరఖాస్తుతో మొదలుపెట్టాలని నా సలహా. జవాబివ్వడానికి చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. జవాబు రాకపోతే మొదటి అప్పీలుకు మళ్లీ సమయం పడుతుంది. జిల్లా వైద్య ఆరోగ్యశాఖ కార్యాలయంలోని పౌర సమాచార అధికారి పేరిట, పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి, తెలుగులోనే రాయవచ్చు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్లు ఆధారం జతచేసిన పేద కుటుంబాలకు రుసుము లేదు. మీ నియోజకవర్గంలో ఎంటీపీ సేవలు అందిస్తున్న ప్రభుత్వ ఆసుపత్రుల పేర్లు, అనుమతి పొందిన ప్రైవేటు ఆసుపత్రుల పేర్లు, మంజూరైన స్త్రీవైద్య నిపుణుల పోస్టులెన్ని, ఖాళీలెన్ని, జిల్లా స్థాయి కమిటీ చివరిసారి ఏ తేదీన సమావేశమైంది అని అడగండి. ఎవరు చేయించుకున్నారన్న దాని జోలికి మాత్రం వెళ్లకండి. ఆ స్త్రీల వివరాలు డాక్టరు బయటపెట్టడం ఎంటీపీ చట్టం కిందే ఏడాది వరకు జైలు శిక్ష పడగల నేరం. అంతకంటే ముఖ్యంగా, మన పనికి ఆ వివరాలతో అవసరమే లేదు.

ప్రతి అభ్యర్థి నామినేషనుతో పాటు సమర్పించే ఫారం 26 అఫిడవిట్‌ను ఎన్నికల సంఘం వెబ్‌సైటులో చదవవచ్చు. అందులో ఆస్తులు, అప్పులు, చదువు, కేసులు ఉంటాయి. విధానాల మీద అభిప్రాయాలు ఉండవు. అయినా కేసుల పట్టికను ఒకసారి శ్రద్ధగా చూడాలి. పాత శిక్షాస్మృతిలో 312 నుంచి 316 వరకు, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 88 నుంచి 92 వరకు ఉన్న సెక్షన్లు గర్భస్రావం చేయించడానికి, పుట్టబోయే బిడ్డకు హాని చేయడానికి సంబంధించినవి. కేసు ఉన్నంత మాత్రాన నేరం రుజువైనట్లు కాదు గనుక, అలాంటిది కనిపిస్తే అది ఏ దశలో ఉందో అభ్యర్థినే అడగండి. పోటీలో ఉన్నది సిట్టింగు ఎమ్మెల్యే అయితే, ఐదేళ్లలో స్త్రీల ఆరోగ్యం మీద సభలో ఒక్క ప్రశ్నయినా వేశారా అన్నది శాసనసభ రికార్డుల్లో వెతకవచ్చు. ఓటింగు రికార్డు మీద మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోకండి. 2021 సవరణ బిల్లునే రాజ్యసభ మార్చి 16న మూజువాణి ఓటుతో ఆమోదించింది. అలా ఆమోదించినప్పుడు ఎవరు ఎటువైపు ఉన్నారో ఎక్కడా నమోదు కాదు.

మేనిఫెస్టోలను కూడా చదవండి, కాని త్వరగా ముగించండి. "మాతాశిశు సంక్షేమం" అన్న మాట ఉన్నంత మాత్రాన ఈ విషయం మీద మాట ఇచ్చినట్లు కాదు.

అసలు పని ప్రశ్న అడగడంలోనే ఉంది, ఆ ప్రశ్న మన నేల మీది జీవితం నుంచి రావాలి. కర్నూలు జిల్లా పడమటి మండలాల సంగతి తీసుకోండి. కోసిగి, ఆదోని వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గికి పోతాయి. సంక్రాంతి వెళ్లాక వలస పోయిన ఒక స్త్రీకి అక్కడే నెల తప్పిందనుకోండి. కల్లం దగ్గర వేసుకున్న గుడిసెలో ఉంటూ, తెలియని ఊళ్లో ఏ ఆసుపత్రికి పోవాలో తెలియక, ఉగాదికి ఇంటికి చేరేసరికి చివరి నెలసరి నుంచి పది, పదకొండు వారాలు గడిచిపోతాయి. మాత్రలతో గర్భవిచ్ఛిత్తికి నిబంధనలు ఒప్పుకునేది 9 వారాల వరకే. అంటే ఊరికి దగ్గరలో మాత్రలు ఇవ్వగల డాక్టరు ఉన్నా ఆమెకు ఉపయోగం లేదు. శిక్షణ పొందిన డాక్టరు, చిన్న ఆపరేషన్ థియేటరు ఉన్న చోటికే పోవాలి. అక్కడ ఆ రోజు డాక్టరు సెలవులో ఉంటే, "పెద్దాసుపత్రికి పొండి" అంటే, ఒక కూలి రోజు, బస్సు చార్జీలు, తోడుగా వచ్చే మనిషి కూలి పోతాయి, ఇంకో వారం జరిగిపోతుంది. చివరికి ఆమె మందుల షాపులో చీటీ లేకుండా మాత్రలు కొనుక్కుంటే, రక్తస్రావంతో 108లో వచ్చినప్పుడు గాని ఎవరికీ తెలియదు.

ఇది దృష్టిలో పెట్టుకుని అభ్యర్థిని ఇలా అడగవచ్చు: "అయ్యా, మన ఏరియా ఆసుపత్రిలో 12 వారాల లోపు అబార్షన్ సేవ వారానికి ఎన్ని రోజులు అందేలా చూస్తారు? సమాచార హక్కు జవాబులో ఈ పోస్టు ఖాళీ అని రాశారు, గెలిచిన ఆరు నెలల్లో దాని కోసం ఏం చేస్తారు? భర్త సంతకం లేనిదే చేయమని ఆసుపత్రిలో ఎవరైనా అంటే, మీ దగ్గరకు వచ్చిన ఆడమనిషికి ఏం చెబుతారు?" ఈ మూడో ప్రశ్నను దయచేసి వదలకండి. మా బంధువుల్లో ఒక స్త్రీని, భర్త బెంగళూరులో పనిలో ఉండగా, ఒక ఆసుపత్రిలో అతని సంతకం కోసం పది రోజులు తిప్పారు. చట్టం ఆమె పక్షాన ఉందని ఆమెకు గాని, మాకు గాని ఎవరూ చెప్పలేదు.

బాల్యవివాహాలు ఇంకా ఆగని మండలాల్లో మరొక ప్రశ్న కూడా అవసరం. 18 ఏళ్లు నిండని అమ్మాయి గర్భంతో వస్తే పోక్సో చట్టం కింద డాక్టరు పోలీసులకు తెలియజేయాలి. ఆ భయంతోనే కుటుంబాలు ఆసుపత్రికి రాకుండా నాటువైద్యాన్ని ఆశ్రయిస్తాయి. అమ్మాయి, సంరక్షకులు కోరితే ఆమె పేరు, గుర్తింపు వివరాలు డాక్టరు వెల్లడించనక్కరలేదని 2022 తీర్పులోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఈ సంగతి ఆసుపత్రుల్లో, పోలీసు స్టేషన్లలో అందరికీ తెలిసేలా ఏం చేస్తారని అడగండి.

అభ్యర్థి చెప్పే జవాబును వినడం కూడా నేర్చుకోవలసిన పనే. "ఆడపిల్లల్ని కడుపులోనే చంపడాన్ని నేను సహించను" అని చాలామంది ఆవేశంగా అంటారు. మంచి మాటే, కాని అది మీ ప్రశ్నకు జవాబు కాదు. లింగ నిర్ధారణను నిషేధించేది 1994 నాటి వేరే చట్టం. దానికింద స్కానింగు సెంటర్లను తనిఖీ చేయించడం ఒక పని, చట్టబద్ధమైన అబార్షన్ సేవ అందేలా చూడడం వేరొక పని. ఆ రెండింటినీ విడదీసి మళ్లీ అడగండి. "వ్యక్తిగతంగా నాకు ఇష్టం లేదు, కాని చట్టం ఇచ్చిన సేవను నా నియోజకవర్గంలో ఆగనివ్వను" అని ఒకరు చెబితే, అది నా దృష్టిలో నిజాయితీ గల స్పష్టమైన వైఖరి. "నేను దీన్ని ప్రోత్సహించను" అని నేరుగా చెప్పినవారిని కూడా నేను గౌరవిస్తాను. ఓటరుకు తెలియవలసింది తెలిసింది. "పార్టీ ఏం చెబితే అది" అన్నవారి పేరు ఎదురుగా ఆ మాటనే రాసుకోండి.

అడిగే సమయం చిన్నది. ఉపసంహరణ గడువు ముగిసి తుది జాబితా వచ్చిన నాటి నుంచి, పోలింగు ముగిసే వేళకు 48 గంటల ముందు ప్రచారం ఆగే వరకే అది ఉంటుంది. 2024లో ఏప్రిల్ 29న ఉపసంహరణ ముగిసింది, మే 13న పోలింగు జరిగింది, మే 11 సాయంత్రం మైకులు ఆగిపోయాయి; అంటే చేతిలో ఉన్నది సుమారు పన్నెండు రోజులు. కాబట్టి మొదటి మూడు రోజుల్లోనే అభ్యర్థులందరికీ, చిన్న పార్టీల వారితో, స్వతంత్రులతో సహా, ఒకే ప్రశ్నలను ఒకే మాటల్లో రాసి వారి ఎన్నికల కార్యాలయాల్లో ఇచ్చి, ఇచ్చినట్లు సంతకం తీసుకోండి. పొదుపు సంఘం సమావేశాల్లో ఈ పని పెట్టుకోవద్దు. ఎన్నికల నియమావళి అమల్లో ఉండగా సంఘమిత్రలకు, ఆశా కార్యకర్తలకు చిక్కులు వస్తాయి. నలుగురు ఓటర్లుగా, సొంత పేర్లతో వెళ్లండి. నోటితో చెప్పిన జవాబును అక్కడే రాసి, వారికి చదివి వినిపించి, తేదీ, చోటు వేయండి. ఫోనులో రికార్డు చేయదలిస్తే ముందుగా చెప్పి చేయండి.

జవాబులు వీధిలో పంచాలనుకుంటే ఒక జాగ్రత్త అవసరం. ఎన్నికల కరపత్రం మీద ముద్రించినవారి, ప్రచురించినవారి పేర్లు, చిరునామాలు ఉండి తీరాలని ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 127ఏ సెక్షన్ చెబుతోంది, జిరాక్సు కాపీ తీసినా అది ముద్రణ కిందికే వస్తుంది. చేత్తో రాసిన ప్రతికి ఆ నియమం లేదు. వచ్చే ఎన్నికలకు మా వీధిలో ఐదుగురం కూర్చుని, అభ్యర్థుల పేర్లు ఒక వరుసలో, వారి మాటలు యథాతథంగా మరొక వరుసలో, జవాబివ్వనివారి ఎదురుగా "జవాబు రాలేదు" అని మాత్రమే రాసి, వీధికి రెండేసి చొప్పున పది ప్రతులు చేత్తోనే రాయాలని అనుకున్నాము.