సంక్రాంతి సెలవుల్లో పిల్లలకు నురగ పొంగించి చూపడం ఎలా?

పండక్కి కోనసీమలో ఏ ఇల్లు చూసినా పిల్లలే. పందేల గొడవ పెద్దాళ్లది. వీళ్లు నోరు వెళ్లబెట్టి చూడాలంటే హైడ్రోజన్ పెరాక్సైడ్ నురగ చాలు. మంటా ఉండదు, పొగా ఉండదు.

మందుల షాపులో 6 శాతం పెరాక్సైడ్ అడగండి. సీసా మీద 20 వాల్యూమ్స్ అని ఉంటుంది. అంటే ఒక్కో మిల్లీలీటరు నుంచి 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్. ఆ లెక్కన 100 మిల్లీలీటర్లకు రెండు లీటర్లు! అర లీటరు సీసా పొంగి పొర్లడానికి ఇంకేం కావాలి? వీడియోల్లో పైకప్పు దాకా ఎగిరే నురగకు 30 శాతం సరుకు వాడతారు. రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ కోసం పోసే గాఢ పెరాక్సైడ్ మీ బాబాయి షెడ్డులో ఉన్నా దాని జోలికి పోవద్దు. నీళ్లు కలిపి వాడదామనీ అనుకోవద్దు. ఒంటి మీద పడితే బొబ్బలెక్కుతుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు.

సీసా పాతదైతే ముందు కోసిన బంగాళాదుంప మీద ఒక చుక్క వేయండి. బుసబుసా నురగ రాకపోతే సత్తువ పోయినట్టే.

ఇక పని. పెరట్లో వెడల్పాటి బేసిన్‌లో సన్నమూతి ప్లాస్టిక్ సీసా నిలబెట్టండి. చేసేవాళ్లకు గాగుల్స్, చేతి తొడుగులు తప్పనిసరి. చూపు కళ్లద్దాలు సరిపోవు. పిల్లల్ని రెండు మీటర్ల అవతల కూర్చోబెట్టండి. సీసాలో 100 మిల్లీలీటర్ల పెరాక్సైడ్, ఒక చెంచా గిన్నెలు తోమే లిక్విడ్ పోయండి. మూడు చెంచాల గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా ఈస్ట్ కలిపి ఐదు నిమిషాలు ఉంచండి. నీళ్లు మరిగితే ఈస్ట్‌లోని కాటలేజ్ ఎంజైమ్ పాడైపోతుంది, పెరాక్సైడ్‌ను విడగొట్టేది అదే. ఈస్ట్ ఒక్కసారిగా ఒంపి వెనక్కి జరగండి. మూత మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి, లోపల వాయువుకు దారి లేక సీసా పేలుతుంది.

ఆ నురగలో ఉన్నది ఆక్సిజనే అని రుజువు చూపొచ్చు, నాకు ఇదే ఎక్కువ ఇష్టం. సబ్బు వేయకుండా, పొడవాటి గాజు గ్లాసులో కొంచెం పెరాక్సైడ్, నాలుగు బంగాళాదుంప ముక్కలు వేసి రెండు నిమిషాలు ఆగండి. అగరుబత్తి నిప్పును ద్రవానికి తగలకుండా లోపలికి దించండి. ఎర్రటి కొన తెల్లగా మెరుస్తుంది, ఒక్కోసారి భగ్గుమని మంటే లేస్తుంది. ఇది పెద్దాళ్లే చేయాలి, పక్కన బకెట్ నీళ్లుండాలి.

నురగను ముట్టుకోనివ్వకండి. నీళ్లు ధారాళంగా పోసి కాలవలోకి, చెరువులోకి కాకుండా బాత్రూమ్ తూములోకి వదలండి. మిగిలిన పెరాక్సైడ్ దాని గోధుమరంగు సీసాలోనే, పిల్లలకు అందని చల్లటి చోట ఉండాలి. మంచినీళ్ల సీసాలో పోయనే వద్దు.