మిగిలిన మటన్, చికెన్ కూర పాడవకుండా ఎలా దాచాలి? మర్నాడు ఎలా వాడాలి?

ఆదివారం వస్తే మా ఇంట్లో కిలో మటన్ వండాల్సిందే, తినేది నలుగురమే కాబట్టి రాత్రికి సగం గిన్నె మిగిలిపోతుంది. కనుమ నాడైతే చెప్పక్కర్లేదు, గారెలూ నాటుకోడి కూరా చేసి పెట్టుకున్నాక వస్తామన్న చుట్టాలు రాకపోతే ఇక మూడు రోజుల కూర ఇంట్లోనే. అంత డబ్బు పోసి కొన్నది పారేయాలంటే ప్రాణం ఒప్పదు, అలాగని పాడైంది పిల్లలకు పెట్టలేం. ఆ కూర మర్నాటికి పనికొస్తుందా లేదా అన్నది పొయ్యి ఆపిన తర్వాత రెండు గంటల్లోనే తేలిపోతుంది.

ముందు టైమ్ చూసుకోండి

వండిన మాంసం బయట 2 గంటలకు మించి ఉండకూడదు, గదిలో వేడి 32 డిగ్రీలు దాటితే గంటే. ఏప్రిల్, మే నెలల్లో మన వంటిళ్లలో ఆ వేడి మామూలే కాబట్టి ఎండాకాలం గంట లెక్కే పెట్టుకోండి.

చాలా ఇళ్లలో కూర గిన్నె పొయ్యి మీదే ఉంచి, సాయంత్రం ఒకసారి, పడుకునే ముందు ఒకసారి మరిగించి మూత పెడతారు. మా అమ్మమ్మా అంతే చేసేది, ఫ్రిజ్ లేని రోజుల్లో వేరే దారి లేదు. కానీ మాంసం కూరల్లో పెరిగే క్లోస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా ఒక రకం గట్టి బీజాలుగా మారి మరుగులో కూడా బతుకుతుంది, పెద్ద గిన్నెలో కూర మెల్లగా చల్లారే ఆ గోరువెచ్చని గంటల్లో మళ్లీ లేచి పెరుగుతుంది. స్టెఫైలోకాకస్ అనే ఇంకోటి వదిలే విషమైతే ఎంత మరిగించినా పోదు. ఇవి ఉన్నా వాసన మారకపోవచ్చు, అందుకే ముక్కును నమ్ముకోకండి. ఒక ఏడాది కనుమ రాత్రి పెద్ద గిన్నెడు కోడికూర బయటే వదిలేసి, పొద్దున హడావిడిలో పైపైన వెచ్చచేసి దోసెల్లో తిన్నాం, రాత్రికల్లా ఇంట్లో ముగ్గురికి కడుపునొప్పి, విరేచనాలు.

త్వరగా చల్లార్చాలి

వడ్డించడానికి ముందే రేపటికి కావాల్సిన కూర వేరే తీసేయండి, అందరి గరిటెలూ తిరిగిన గిన్నెకన్నా ఇది శుభ్రంగా ఉంటుంది. వెడల్పాటి పళ్లెంలో రెండంగుళాల లోతుకు మించకుండా పరచి, ఆ పళ్లేన్ని చల్లటి నీళ్ల బేసిన్‌లో పెట్టి అప్పుడప్పుడు కలుపుతుంటే పావుగంట, ఇరవై నిమిషాల్లో ఆవిరి తగ్గుతుంది. పూర్తిగా చల్లబడేదాకా ఆగక్కర్లేదు. ఒక్క పూటకు సరిపడా చిన్న చిన్న స్టీలు డబ్బాల్లో సర్ది, మూతపెట్టి ఫ్రిజ్‌లో పై అరలో పెట్టండి, పచ్చి మాంసం ఎప్పుడూ కిందే ఉండాలి. గోంగూర, చింతపండు వేసిన కూరలు అల్యూమినియం గిన్నెలో ఉంచొద్దు.

ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు, అంతకన్నా తక్కువ ఉంటే 3, 4 రోజులు బాగుంటుంది. బిర్యానీ మాత్రం మర్నాటికే ముగించేయండి, అన్నంతో ప్రమాదం ఎక్కువ. అంతకన్నా ఎక్కువ రోజులు కావాలంటే డీప్ ఫ్రీజర్లో రెండు మూడు నెలలు, డబ్బా మీద తేదీ రాసిన చీటీ అంటించి. బంగాళాదుంప ముక్కలుంటే ముందే ఏరేయండి, గడ్డకట్టి కరిగాక అవి పిండిపిండి అవుతాయి. కరెంటు పోతే తలుపు తెరవకండి, మూసిన ఫ్రిజ్ 4 గంటలు చల్లదనం నిలుపుకుంటుంది.

వేడి చేసేటప్పుడు

ఫ్రీజర్ డబ్బాను ముందు రాత్రే కింద ఫ్రిజ్‌లోకి దించండి, గట్టు మీద పెట్టి కరిగించొద్దు. ఆ పూటకు తినేదే తీసి, కాసిని నీళ్లు చల్లి, కుతకుతలాడేదాకా మరగనివ్వండి, ముక్క మధ్యలో కూడా 74 డిగ్రీల వేడి రావాలి. మైక్రోవేవ్ అయితే మధ్యలో ఒకసారి కలపాలి. ఒకసారి వేడి చేసింది మళ్లీ లోపల పెట్టకండి.

కొత్త వంటగా మార్చాలంటే

మటన్ ముక్కల్లోంచి ఎముకలు తీసి, పీచుల్లా విడదీసి, బాండీలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు ఎర్రగా వేగాక అందులో వేసి, మిరియాల పొడి చల్లి దగ్గరపడేదాకా వేయించండి, దోసె మధ్యలో పెట్టుకోవడానికి ఇంతకన్నా మంచిది నాకు తెలియదు. చికెన్ అయితే గుడ్డు పొరటులో కలిపేయొచ్చు. గ్రేవీ ఎక్కువగా ఉంటే పులావుకు ఎసరులో భాగంగా లెక్కేసుకుని అంత నీళ్లు తగ్గించండి. మూడో రోజు మటన్‌కు మా ఇంట్లో రెండు కట్టల గోంగూర పడుతుంది, ఆకు మెత్తగా మగ్గాక కూర కలిపి పది నిమిషాలు ఉడికిస్తాం, కూరలో ఉప్పు ఉంటుంది కాబట్టి చివర్లో రుచి చూశాకే వేయాలి.

చేపల పులుసు మర్నాడే రుచి అంటారు, నిజమే, కానీ అదీ రాత్రంతా ఫ్రిజ్‌లోనే ఉండాలి. పొద్దున వేడి చేసేటప్పుడు గరిటె పెట్టకుండా, గిన్నెను గుడ్డతో పట్టుకుని నెమ్మదిగా తిప్పుతూ పులుసంతా పొంగి మరిగేదాకా ఉంచితే ముక్క విరగదు.