వంశవృక్షం చదవడం – 4వ పాఠం: దురద ఇల్లు, మూడింట రెండు

జబ్బు వంశపారంపర్యమా కాదా చెప్పమని మూడో పాఠం చివర ఇచ్చిన కుటుంబానికి మీరు పంపిన జవాబులు చూశాక ఈ వారం అనుకున్న పాఠాన్ని సగానికి కుదించాను. ఎక్స్ క్రోమోజోము సంగతి చివర కొద్దిగా చెబుతాను. ముందు ఆ ఇంటి లెక్క తేలాలి.

ముమ్మిడివరం వైపు ఒక ఇల్లు. రాత్రయితే దురద. వేళ్ళ సందుల్లో, మణికట్టు లోపలి వైపు, బొడ్డు చుట్టూ పొక్కులు. నాయనమ్మకు ఉంది, ఆమె కొడుక్కి ఉంది, మనవలకూ మనవరాలికీ ఉంది. మూడు తరాలు, ఏ తరమూ తప్పలేదు, ఆడా మగా తేడా లేదు. మీలో చాలామంది మగవాళ్ళ చతురస్రాలూ ఆడవాళ్ళ వృత్తాలూ జబ్బున్నచోట నల్లగా నింపేసి, కింద ‘బహిర్గత లక్షణం’ (జన్యువుకు ఒక్క ప్రతి పాడైనా చాలు, జబ్బు కనబడుతుంది) అని రెండు గీతలు కొట్టి మరీ రాశారు. గీసిన బొమ్మ అందంగానే ఉంది. పాఠ్యపుస్తకంలో బహిర్గత వారసత్వానికి వేసే బొమ్మ అచ్చం అలాగే ఉంటుంది కూడా. కానీ నేనిచ్చిన వివరాల్లో మరో రెండు వాక్యాలున్నాయి. కోడలికీ దురద ఉందని ఒకటి. పెద్ద మనవడు హాస్టల్ నుంచి సంక్రాంతికి వచ్చాడని రెండోది.

కోడలిది బయటి సంబంధం, మేనరికం కాదని అక్కడే రాశాను. ఆ ఇంటి జన్యువు ఆమెకు ఎలా వస్తుంది? దీనికి కొందరు ‘ఆమె పుట్టింట్లోనూ ఇదే వంశపారంపర్య వ్యాధి ఉండి ఉంటుంది’ అని రాశారు. తాము గీసిన బొమ్మను కాపాడుకోవడానికి ఆ అమ్మాయి పుట్టింటి మీద జబ్బు రుద్దారన్నమాట! రక్తసంబంధం లేని మనిషికి కూడా అదే జబ్బు కనబడితే పెన్సిలు కింద పెట్టండి. ఎవరు ఎవరి పక్కన పడుకుంటారో అడగండి.

అది గజ్జి. చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుని గుడ్లు పెట్టే సూక్ష్మమైన పురుగు వల్ల వస్తుంది. మొదటిసారి సోకినవాళ్ళకు దురద వెంటనే మొదలవదు, నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. సంక్రాంతికి కుర్రవాడు వచ్చాడు, అందరూ ఒకే గదిలో చాపలు పరుచుకుని పడుకున్నారు, పండగ వెళ్ళిపోయింది. ఫిబ్రవరి నెలాఖరుకు ఇల్లంతా గోక్కుంటోంది. అప్పటికి కుర్రవాణ్ణి ఎవరూ తలచుకోరు. తేదీలు అడగకపోతే అది తరతరాల జబ్బులాగే కనబడుతుంది. ఇదే పురుగు రెండోసారి సోకితే ఒకటి నుంచి నాలుగు రోజుల్లోనే దురద పుడుతుంది. శరీరం దాన్ని అప్పటికే ఎరిగి ఉంటుంది కదా.

చికిత్స మీ పాఠ్యాంశంలో ఉన్నదే కనుక ఎక్కువ చెప్పను. ఐదు శాతం పెర్మెత్రిన్ క్రీము, మెడ నుంచి అరికాళ్ళ దాకా, రాత్రి రాసి ఉదయం స్నానం, వారం తర్వాత మళ్ళీ. దురద లేనివాళ్ళతో సహా ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి రాసుకోవాలి. నర్సింగ్ విద్యార్థులు అక్కడికక్కడ చెప్పాల్సింది ఇదే, ఎక్కువగా మరిచిపోయేదీ ఇదే. దుప్పట్లు వేడి నీళ్ళలో ఉతకాలి. ఉతకలేనివి సంచిలో కట్టి మూడు నాలుగు రోజులు వదిలేస్తే చాలు, మనిషి ఒంటి మీద లేకుండా ఆ పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు.

తామర కూడా ఇదే కోవలోది. చేపల చెరువుల మీద తడి బట్టలతో పని చేసే అన్నదమ్ములకు గజ్జల్లో తామర ఉంటే, అది వాళ్ళ నాన్న ఇచ్చిన ఆస్తి కాదు. దానికి మందుల షాపుల్లో చేతికిచ్చే స్టెరాయిడ్ కలిసిన క్రీములంటే నాకు ఒళ్ళు మంట. నాలుగు రోజులు ఎర్రదనం తగ్గుతుంది, శిలీంధ్రం హాయిగా పాకుతుంది, అంచులు చెరిగిపోయి చూసినవాళ్ళు ఏ జబ్బో గుర్తుపట్టలేని స్థితి వస్తుంది. పొట్టు గీకి పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూడండి. పది నిమిషాల పని.

ఇక దీనికి తలకిందులు తప్పు. ‘ఇంట్లో ఇంకెవరికీ లేదు, కాబట్టి జన్యువులది కాదు’ అనేది. ఒంటి మీద పాలు కలిపిన కాఫీ రంగు మచ్చలు ఆరు లేక అంతకంటే ఎక్కువ, చిన్నపిల్లల్లో ఒక్కొక్కటి 5 మిల్లీమీటర్లకు మించి, యుక్తవయసు దాటినవాళ్ళలో 15కు మించి కనబడితే న్యూరోఫైబ్రోమటోసిస్ మొదటి రకాన్ని అనుమానిస్తాం. అది బహిర్గత వ్యాధి. అయినా సగం మందిలో తల్లిదండ్రులు ఇద్దరూ శుభ్రంగా ఉంటారు, ఉత్పరివర్తనం, అంటే జన్యువులో వచ్చిన మార్పు, ఆ బిడ్డతోనే మొదలవుతుంది. తండ్రి చొక్కా విప్పించి చూడకుండా ‘లేదు’ అని రాయకండి, అంతే.

అంతర్గత వ్యాధుల (జన్యువుకు రెండు ప్రతులూ పాడైతేనే కనబడేవి) దగ్గరికి వచ్చేసరికి ఈ గోదావరి డెల్టాలో వంశవృక్షం గీయాలంటే మొదటి ప్రశ్న మేనరికం గురించే ఉండాలి. ‘రక్తసంబంధీకుల వివాహమా?’ అని దరఖాస్తు ఫారం భాషలో అడిగితే ‘కాదండీ’ అంటారు. ‘పెళ్ళికి ముందు నుంచీ మీరు చుట్టాలేనా అమ్మా?’ అని అడగండి. ‘అయ్యో, మా మేనమామేనండీ’ అని నవ్వుతూ చెబుతారు. నేనైతే ముందు చుట్టరికపు పెళ్ళికి గుర్తైన జంట గీత గీసి ఆ తర్వాతే మిగతా బొమ్మ మొదలుపెడతాను. అమ్మ వైపు నుంచి మొదలుపెడతాను. పురిట్లో పోయిన పిల్లల్ని విడిగా అడుగుతాను, ‘ఎంతమంది పిల్లలు?’ అంటే బతికున్నవాళ్ళనే లెక్క చెబుతారు కనుక. కంప్యూటర్‌లో గీయడం నాకు నచ్చదు. ఇంటి పెద్దావిడ ‘ఆగండి, మధ్యలో ఇంకొకడున్నాడు’ అన్నప్పుడు రబ్బరుతో చెరిపి జరిపినంత తేలిక మరొకటి లేదు.

ఇప్పుడు నన్ను బాగా విసిగించిన విషయానికి వస్తాను. మూడో పాఠం రెండో లెక్క. ఒక అమ్మాయికి పుట్టుకతో ఒళ్ళంతా తెల్లదనం, లేత రంగు వెంట్రుకలు, వెలుతురు కళ్ళకు పడదు, కనుగుడ్లు అటూ ఇటూ ఊగుతుంటాయి. ఆల్బినిజం, అంతర్గత లక్షణం. (బొల్లి కాదు. బొల్లి తర్వాత వస్తుంది, మచ్చలుగా వస్తుంది, దాని కారణం రోగనిరోధక వ్యవస్థలో ఉంది.) తల్లిదండ్రులకు ఏమీ లేదు. ఆమె తమ్ముడికీ ఏమీ లేదు. ఆ తమ్ముడు వాహకుడు, అంటే జబ్బు లేకుండా పాడైన ప్రతి ఒకటి మోసేవాడు, కావడానికి అవకాశం ఎంత?

దాదాపు అందరూ సగం అని రాశారు. సగం కాదు.

తల్లిదండ్రులిద్దరి దగ్గరా ఆ జన్యువుకు ఒక మంచి ప్రతి, ఒక పాడైన ప్రతి ఉన్నాయి. పుట్టే బిడ్డకు నాలుగు దారులు. రెండు వైపులా మంచిది. తల్లి నుంచి మంచిది, తండ్రి నుంచి పాడైనది. తల్లి నుంచి పాడైనది, తండ్రి నుంచి మంచిది. రెండు వైపులా పాడైనది. ఈ నాలుగూ కాగితం మీద రాయండి. రాశారా? ఇప్పుడు ఆ తమ్ముడి ముఖం చూడండి. నల్లటి జుట్టు, మామూలు చర్మం, ఎండలో క్రికెట్ ఆడి వచ్చాడు. అతనికి జబ్బు లేదని మీ కళ్ళతో చూస్తున్నారు. అంటే నాలుగో దారి అతనిది కాదు. దాన్ని కొట్టేయండి. మిగిలినవి మూడు. వాటిలో వాహకుడయ్యే దారులు రెండు. మూడింట రెండు.

సగం ఎప్పుడు? అతను ఇంకా తల్లి కడుపులో ఉండి, జబ్బు ఉందో లేదో తెలియనప్పుడు నాలుగింట రెండు. పుట్టి, పెరిగి, ఎదురుగా నిలబడ్డ మనిషికి ఆ లెక్క వేయకూడదు. తెలిసిన విషయాన్ని తెలియనట్టు నటించడమే ఇక్కడి తప్పు.

నమ్మకం కుదరనివాళ్ళు బఠాణీ మొక్కలతో వారసత్వ సూత్రాలు తేల్చిన మెండెల్‌నే అడగండి. 1866లో అచ్చయిన ఆయన వ్యాసంలో గుండ్రటి బఠాణీల సంగతి ఉంది. రెండో తరంలో వచ్చిన గుండ్రటి గింజల నుంచి 565 మొక్కలు పెంచాడు. వాటిలో 193 మొక్కలు గుండ్రటి గింజలే ఇచ్చాయి. 372 మొక్కలు గుండ్రటివీ ముడతలవీ కలిపి ఇచ్చాయి. పైకి గుండ్రంగా ఉన్న 565లో లోపల ముడత దాచుకున్నవి 372. భాగించి చూడండి, మూడింట రెండుకు వెంట్రుకవాసి దూరం. ఇంటర్మీడియట్‌లో 3:1 (మూడు గుండ్రటివి, ఒకటి ముడతలది) బట్టీ పట్టినవాళ్ళు ఈ రెండో మెట్టు ఎక్కకుండానే వచ్చేశారు.

ఇంకొందరు తల్లికి కూడా మూడింట రెండు రాశారు. జబ్బు ఉన్న బిడ్డను కన్న తల్లి విషయంలో లెక్క ఏముంది? ఆమె వాహకురాలే. అవకాశం ఒకటి, అంటే నూటికి నూరు.

ఇది ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ అంకె మీదే ఒక పెళ్ళి మాట నిలబడుతుంది. ఆ తమ్ముడికి మేనమామ కూతురిని అనుకుంటున్నారు. లెక్క వేద్దాం. తల్లి ఒకటి. ఆమె అన్న, అంటే మేనమామ, సగం (వాళ్ళ తల్లిదండ్రుల్లో ఒకరే వాహకులనుకుంటాం కనుక). అతని కూతురు నాలుగో వంతు. తమ్ముడు మూడింట రెండు. ఇద్దరూ వాహకులైతే బిడ్డకు జబ్బు వచ్చేది నాలుగింట ఒకటి. మూడూ గుణించండి: 24లో 1. అదే అతను జబ్బు లేని మరో అక్క కూతురిని చేసుకుంటే? ఆ అక్క మూడింట రెండు, ఆమె కూతురు మూడింట ఒకటి, కనుక 18లో 1. బయటి సంబంధమైతే, జనాభాలో 70 మందికి ఒక వాహకుడని అనుకుందాం, 420లో 1. ఈ మూడు పెళ్ళిళ్ళ లెక్కల్లోనూ మూడింట రెండు ఉన్నచోట సగం అని రాసి గుణించి ఉంటే మీరు ఆ కుటుంబానికి ప్రమాదాన్ని తగ్గించి చెప్పినవాళ్ళవుతారు.

ఈ అంకెలు చెప్పాక ‘చేసుకోవద్దు’ అనడం మీ పని కాదు. ‘ఇరవై నాలుగు కాన్పుల్లో ఒకదానికి’ అని చెప్పండి, మిగతా ఇరవై మూడూ చెప్పండి. ‘పెద్దమ్మాయి అలా పుట్టింది కనుక తర్వాత ముగ్గురూ బాగుంటారు’ అనుకునేవాళ్ళకు ప్రతి కాన్పుకూ లెక్క కొత్తగా మొదలవుతుందని చెప్పండి. కుటుంబంలో తెలిసిన జబ్బేదీ లేని మేనమామ, మేనత్త పిల్లల పెళ్ళిళ్ళకు ఈ 24 వర్తించదు. అక్కడ మామూలుగా ఏ దంపతులకైనా ఉండే రెండు మూడు శాతం ప్రమాదానికి సుమారుగా మరో రెండు మూడు శాతం కలుస్తుంది. భయపెట్టేవాళ్ళూ కొట్టిపారేసేవాళ్ళూ ఇద్దరూ ఈ తేడా చూడరు.

రక్తానికి వచ్చే అంతర్గత వ్యాధులైన సికిల్ సెల్, తలసీమియాలకూ ఇదే లెక్క. రంపచోడవరం, చింతూరు వైపు శిక్షణకు వెళ్ళబోయేవాళ్ళు ముందే సాధన చేసుకోండి. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం ఇచ్చే కార్డులో వాహకులెవరో రాసి ఉంటుంది. అక్కడ మూడింట రెండు వేసుకుంటూ కూర్చోనక్కరలేదు, కార్డు చదవండి.

ఎక్స్ క్రోమోజోము మీద ఒక్క ఉదాహరణ. మే నెల, వడగాడ్పు. జ్వరమని ఒక పిల్లవాణ్ణి తెస్తారు. వీపు మీద చెయ్యి వేస్తే పొడిగా ఉంటుంది, తెచ్చిన తల్లి చీర మాత్రం చెమటకు తడిసి ఉంటుంది. కనుబొమలు పలచన, ముందు పళ్ళు రెండే, అవీ మొనదేలి ఉంటాయి. చెమట గ్రంథులు సరిగా ఏర్పడని ఎక్టోడెర్మల్ డిస్‌ప్లేసియా ఇది. యాంటీబయాటిక్ కాదు, తడిగుడ్డ కావాలి. డార్విన్ 1875లో సింధు ప్రాంతపు ఒక హిందూ కుటుంబం గురించి రాశాడు. నాలుగు తరాల్లో పదిమంది మగవాళ్ళకు పళ్ళు కొద్ది, ఒంటిమీద వెంట్రుకలు తక్కువ, ఎండాకాలంలో చర్మం ఎండిపోయి బాధ. కూతుళ్ళకు రాదు, కానీ వాళ్ళ కొడుకులకు వస్తుంది. తండ్రి నుంచి కొడుక్కి ఒక్కసారీ రాలేదు. ఎక్స్ క్రోమోజోము అంతర్గత వారసత్వానికి ఇంతకంటే చక్కటి వర్ణన ఉండదు, అప్పటికి వారసత్వంలో క్రోమోజోముల పాత్ర ఎవరికీ తెలియకపోయినా. తండ్రి కొడుక్కి వై ఇస్తాడు, కూతురికి తన ఎక్స్ తప్పకుండా ఇస్తాడు. కొడుక్కి ఉన్న ఒక్క ఎక్స్ తల్లి ఇచ్చిందే, అది పాడైతే ఆదుకోవడానికి రెండోది లేదు. మిగతాది మీకు తెలుసు.

అభ్యాసం. ఈసారి ఒక్కటే. ఎక్స్ క్రోమోజోము ఇక్తియోసిస్ ఉన్న మగవాడు: మెడ మీద, కాళ్ళ మీద గోధుమరంగు పొలుసులు, పుట్టిన కొద్ది నెలల నుంచీ. అతని తల్లి వాహకురాలు. తండ్రికి జబ్బు లేదు. అతని అక్కకు ఒక్కతే కూతురు, అక్క భర్త మామూలు మనిషి. మన హీరో ఆ మేనకోడలినే పెళ్ళి చేసుకున్నాడు. ఇద్దరు కొడుకులు పుట్టారు, నాలుగేళ్ళు ఒకడికి, ఆరేళ్ళు ఒకడికి, ఇద్దరి చర్మమూ నున్నగా ఉంది. ఆమె మళ్ళీ గర్భవతి. పుట్టేది కొడుకైనా కూతురైనా ఆ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం ఎంత?

నున్నటి చర్మమున్న ఇద్దరు కొడుకులూ మీకు తెలిసిన విషయం, తెలియనట్టు నటించకండి. తమ్ముడి లెక్కలో ఒక దారిని పూర్తిగా కొట్టేశాం, ఇక్కడ దారి మూసుకుపోదు, సన్నబడుతుంది. ఎంత సన్నబడిందో లెక్కించడమే పని. జవాబు ముందే చెప్పేస్తున్నాను: 26లో 1. అంకె నాకు అక్కర్లేదు, దారి రాసి పంపండి. కూతురికి కూడా జబ్బు ఎలా వస్తుందో ఒక వాక్యంలో చేర్చండి. బొమ్మలో జంట గీత లేకపోతే చదవను.