క్యాట్ ఆన్‌లైన్ కోర్సుకు డబ్బు కట్టే ముందు జాగ్రత్తలు

ముందు ఏ పరీక్షో తేల్చుకోండి. రాష్ట్ర స్థాయి ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్‌లో 150 నిమిషాలకు 200 ప్రశ్నలు, తప్పు రాసినా మార్కులు పోవు. ఐఐఎంల వంటి బిజినెస్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష క్యాట్‌లో మూడు సెక్షన్లు, ఒక్కోదానికి 40 నిమిషాలు. ఒకటి ముగిస్తే మళ్లీ వెనక్కి వెళ్లలేరు. ఆప్షన్లున్న ప్రశ్నకు ఒప్పయితే 3 మార్కులు, తప్పయితే 1 కోత. రెండింటికీ ఒకే కోర్సు చాలంటే నమ్మకండి.

కొనేముందే పాత క్యాట్ పేపర్ ఒకటి టైమర్ పెట్టుకుని రాయండి. వెనకబడింది లెక్కల్లోనా, ఇంగ్లిష్‌లోనా తెలియకుండా ఫుల్ కోర్సు కొంటే సగం వీడియోలు తెరవరు.

డెమోకి శాతాలు, లాభనష్టాల క్లాసే చూపిస్తారు. అది ఎవరైనా బాగానే చెబుతారు. డీఐఎల్‌ఆర్ (డేటా ఇంటర్‌ప్రిటేషన్, లాజికల్ రీజనింగ్) క్లాసు అడిగి చూడండి. అక్కడ జవాబు రాబట్టడం కన్నా ఏ సెట్ (ఒకే సమాచారం మీద అడిగే ప్రశ్నల గుంపు) ముట్టుకోవాలి, ఏది రెండు నిమిషాల్లో వదిలేయాలి అన్నదే అసలు పాఠం. అది చెప్పని టీచరుతో లాభం లేదు.

మాక్ టెస్టుల్లో సెక్షన్ లాక్, స్క్రీన్ మీది కాలిక్యులేటర్, టైప్ చేసే ప్రశ్నలు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఆ స్కోరు మోసం చేస్తుంది.

‘నో కాస్ట్ ఈఎంఐ’ చాలాసార్లు మీ పేరు మీద తీసిన లోనే. క్లాసులు మానేసినా వాయిదాలు ఆగవు, కట్టకపోతే సిబిల్ స్కోరు పడిపోతుంది. రీఫండ్ గడువు ఫోన్‌లో చెబితే ఒప్పుకోకండి, ఈమెయిల్‌లో రాయించుకోండి.

వ్యాలిడిటీ నవంబరు పరీక్షతోనే ముగుస్తుందా, ఆ తర్వాతి ఇంటర్వ్యూల దాకా ఉంటుందా అన్నదీ అడగండి.