వాషింగ్ మెషీన్ ఎంపిక, మూడో పాఠం: సందు కొలత, బేరింగు ప్రశ్న

కిందటి పాఠం చివర "జాగా కొలిచి పెట్టుకోండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. తప్పు నాదే. టేపు పట్టుకుని ఈ గోడ నుంచి ఆ గోడకు లాగడంలో చెప్పడానికేముంది అనుకున్నాను. మీ కొలతలు చూశాక ఈ వారం మోటార్ల రకాల గురించి రాసుకున్నదంతా పక్కన పెట్టి మళ్లీ టేపు దగ్గరికే రావాల్సి వచ్చింది.

దాదాపు అందరూ నేల కొలిచారు. మెషీన్ నిలబడేది నేల మీదే, ఇరుక్కునేది మాత్రం ఇంకెక్కడో. గోడ కింద అంచున టైలు ఒక సెంటీమీటరు ముందుకు ఉంటుంది. నడుమెత్తులో కుళాయి పొడుచుకొచ్చి ఉంటుంది. గోడలేమో పైకి పోయేకొద్దీ ఒకదాని మీదికి ఒకటి వాలతాయి. అందుకని వెడల్పు మూడు ఎత్తుల్లో కొలవండి: నేల దగ్గర, మోకాలి దగ్గర, 85 సెంటీమీటర్ల దగ్గర. మూడింటిలో చిన్నదే మీ కొలత. మామూలు ఫ్రంట్ లోడ్ (ముందువైపు తలుపుండే) మెషీన్ వెడల్పు 60, ఎత్తు 85. మీ సందు సరిగ్గా 60 ఉందంటే ఆ మెషీన్ మీకు పట్టనట్టే. రెండు పక్కలా కనీసం ఒకటి రెండు సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి, లేకపోతే స్పిన్‌లో గోడకు కొట్టుకుంటుంది.

ఒకరు సందు చక్కగా కొలిచారు, ఆ సందుకు దారితీసే తలుపును కొలవలేదు. తలుపు చట్రం లోపలి వెడల్పు 58. ఇక చెప్పేదేముంది!

లోతు సంగతి వేరు. కాగితం మీద 45 అని ఉంటే అది చాలాసార్లు ఒట్టి పెట్టె లోతు. ముందు తలుపు అద్దం ఉబ్బు, వెనక పైపులు వంపు తిరగడానికి కావలసిన చోటు అందులో ఉండవు. నేనైతే కళ్లు మూసుకుని 10 సెంటీమీటర్లు కలుపుతాను. పైపు నలిగిందా, నీళ్లు సన్నగా వస్తాయి, మెషీన్ తప్పు చూపించి ఆగిపోతుంది, మీరేమో మెషీన్‌ను తిడతారు.

తలుపు కీలు చాలా మెషీన్లకు ఎడమవైపే ఉంటుంది. ఎడమపక్కనే ముందుకొచ్చిన గోడ ఉంటే తలుపు సగమే తెరుచుకుంటుంది. ముందు కూర్చుని బట్టలు తీయడానికి చోటే లేకపోతే టాప్ లోడ్ (పైనుంచి బట్టలు వేసేది) చూసుకోండి, కానీ అప్పుడు పైన అలమర ఉండకూడదు. నా ఓటు ఫ్రంట్ లోడ్‌కే. అందులో ఒక స్వార్థం కూడా ఉంది: దాని నెత్తి మీద బట్టలు మడతపెట్టుకోవచ్చు.

నీళ్ల గురించి రెండు మాటలు. డ్రెయిన్ పైపు కొస చాలా ఫ్రంట్ లోడ్‌లకు నేల నుంచి 60, 100 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. నేల మీద పడేస్తే ఒకపక్క నిండుతూ ఇంకోపక్క ఖాళీ అవుతూ ఉంటుంది. ఇక లోపలికి వచ్చే నీటికి చాలా మోడళ్లు కనీసం 0.5 బార్ ఒత్తిడి అడుగుతాయి. 10 మీటర్ల ఎత్తు నుంచి దిగితే సుమారు 1 బార్. కాబట్టి ట్యాంకు మీ కుళాయికి 5 మీటర్ల ఎత్తులో లేకపోతే, తక్కువ ఒత్తిడికి పనిచేస్తుందని పుస్తకంలో రాసి ఉన్న మోడలే కొనండి. రవాణా బోల్టులు (దారిలో డ్రమ్ము కదలకుండా బిగించేవి, వాడేముందు తీసేయాలి), నాలుగు కాళ్లూ సమంగా ఉన్నాయో లేదో రసమట్టంతో చూడటం మీకు తెలిసినవే.

ఇప్పుడు మన్నిక. నాకు ఒళ్లు మండే విషయం దగ్గరికి వచ్చాం: ముందుభాగాన అతికించి ఉండే "మోటారుకు 10 ఏళ్ల వారంటీ" స్టిక్కరు. మీలో చాలామంది దాన్ని "మెషీన్‌కు 10 ఏళ్లు" అని చదివారు. అది మోటారుకు మాత్రమే. పంపుకు కాదు, ఎలక్ట్రానిక్ బోర్డుకు కాదు, తలుపు రబ్బరుకు కాదు, బేరింగుకు (డ్రమ్ము ఇరుసును మోస్తూ తిరగనిచ్చే గుండ్ల చక్రానికి) అసలే కాదు. ఇన్వర్టర్ మోటారులో రాపిడికి అరిగే బ్రష్షులే ఉండవు, అది అంత తేలిగ్గా చెడదు. చెడని వస్తువుకు హామీ ఇవ్వడానికి ఎవరికి బాధ? పాతరకం మోటారులో కార్బన్ బ్రష్షులు అరిగినా మెకానిక్‌కు అది చిన్న పని. కొత్త మెషీన్ కొనిపించేది చాలాసార్లు మోటారు కాదు, బేరింగు.

ఎలాగో చూడండి. నీళ్లు నిలిచేది బయటి టబ్బులో, బట్టలు తిరిగేది లోపలి డ్రమ్ములో. డ్రమ్ము ఇరుసు టబ్బు వెనక గోడలోంచి బేరింగుల మీదుగా బయటికి వస్తుంది. నీళ్లకూ బేరింగుకూ మధ్య ఉన్నది ఒక్క రబ్బరు సీలు. అది అరిగితే సబ్బునీళ్లు బేరింగులోకి దిగి గ్రీజును కడిగేస్తాయి, తుప్పు పడుతుంది. మొదట స్పిన్‌లో సన్నగా మూలుగు, తర్వాత గర్జన. ఖాళీ డ్రమ్మును పై అంచు పట్టుకుని ఎత్తి దించితే టబ్బుతో కలిసి కదలాలి. డ్రమ్ము ఒక్కటే లొడలొడలాడితే బేరింగు పోయినట్టే.

ఇక్కడే ఉంది కిటుకు. టబ్బు రెండు చిప్పలుగా చేసి కలుపుతారు. బోల్టులతో బిగించి ఉంటే విప్పి, బేరింగూ సీలూ కొత్తవి వేసి మళ్లీ బిగించొచ్చు. చిప్పలను కరిగించి అతికేస్తే విప్పే దారి లేదు, టబ్బు మొత్తం మార్చాలి. ఆ ఖర్చు విని జనం కొత్త మెషీన్ కొనేస్తారు. ఐరోపా సమాఖ్యలో 2021 మార్చి నుంచి ఒక నియమం ఉంది: ఒక మోడల్ చివరి మెషీన్ మార్కెట్లోకి వచ్చాక కూడా కనీసం 10 ఏళ్లు విడిభాగాలు మెకానిక్‌లకు దొరకాలి. జాబితాలో బేరింగు ఉంది, కానీ విడిగానే ఇవ్వాలని లేదు. డ్రమ్ముతో కలిపి ఇచ్చినా చెల్లుతుంది. అందుకే "విడిభాగాలు దొరుకుతాయా" అని అడగకండి. "ఈ మోడల్‌కు బేరింగు ఒక్కటే మార్చొచ్చా, టబ్బు మొత్తం మార్చాలా?" అని అడగండి. అమ్మేవాళ్లను కాదు, బాగుచేసేవాళ్లను. జవాబు నీళ్లు నమిలినట్టుంటే ఆ మోడల్ వదిలేయండి.

ఇరుకు చోటుకు సన్న మెషీన్ తప్పదనుకుంటే ఇంకొక్కటి. దాని అడుగు తక్కువ లోతు కాబట్టి ముందుకూ వెనక్కూ ఊగడం ఎక్కువ. స్పిన్ నిమిషానికి 1000 చుట్ల నుంచి 1400కి పెంచితే బట్టలను అంచుకు నెట్టే బలం దాదాపు రెట్టింపవుతుంది, బేరింగు మీద పడే కుదుపూ అలాగే పెరుగుతుంది. నేను తువ్వాళ్లకు కూడా 1000 దాటను. ఆరడానికి కాస్త ఆలస్యమవుతుంది, అవనీ.

అభ్యాసం. ఈసారి ఒక వారం పడుతుంది, తప్పించుకోకండి.

అట్టపెట్టెలు అతికించి, మీరు అనుకున్న మెషీన్ కొలతల్లో పెట్టె చేయండి. వెనక పైపుల చోటు కూడా కలపండి. దానికి గుండ్రటి తలుపు కత్తిరించి ఎడమవైపు టేపుతో అతికించండి. సందులో పెట్టి ఏడు రోజులు అక్కడే ఉంచండి. ఈ ఏడు రోజులూ విడిచిన బట్టలను ఉతికే ముందు, పొడిగా ఉండగానే, తూకం వేసి రాసుకోండి. నూలు బట్టలు వేరు, పాలియెస్టర్‌లాంటివి వేరు. మెషీన్ మీద ఉండే 7 కిలోలన్న అంకె పొడి నూలు బట్టలకే, రెండోరకానికి సుమారు సగం వేసుకోండి. రోజూ ఒకసారి పెట్టె ముందు బుట్ట పెట్టి, కూర్చుని, తలుపు తీసి, లోపల చెయ్యి పెట్టి బట్టలు తీస్తున్నట్టు చేయండి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు. మూడో రోజుకల్లా ఎవరి మోచెయ్యి ఎక్కడ తగులుతోందో అట్టమీద నలిగిన గుర్తుల్లో కనబడుతుంది. ఆ నలిగిన చోట్లు, వారంలో అన్నిటికంటే బరువైన రోజు తూకం రాసి పంపండి. నాలుగో పాఠం వాటితోనే మొదలుపెడతాను.