ట్రంకు పెట్టెలో ఓడ ఫోటో దొరికితే, ఆ ఓడ పేరు కనిపెట్టడం ఎలా

కాజీపేట డీజిల్ షెడ్‌లో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాను. సముద్రాన్ని చూసింది మూడుసార్లే. అయినా ఆరేళ్లుగా నా తీరిక వేళలన్నీ ఓడల మీదే పోతున్నాయి. దానికి కారణం ఒక ఫోటో.

హన్మకొండలో మా అమ్మమ్మ వాళ్ల పాత ఇల్లు కూల్చేముందు అటక మీది ట్రంకు పెట్టె దించాం. అది మా అమ్మమ్మ అన్నగారిది. ఆయన ఇంగ్లండ్‌లో చదువుకుని వచ్చారని, నేను పుట్టకముందే పోయారని మాత్రమే మాకు తెలుసు. పెట్టెలో బట్టల కింద రేవులో నిలబడ్డ ఓడ ఫోటో ఒకటి ఉంది. వెనకాల ఉర్దూ అంకెల్లో 1342 అని రాసి ఉంది. ఆ ఓడ పేరు తేల్చడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. మీకు ఒక్క ఆదివారంలో తేలాలని ఇది రాస్తున్నాను.

ముందు పెట్టెను చూడండి, ఫోటోను తర్వాత. పెట్టె మీద కాగితం లేబుల్ ఉంటే దాన్ని తడిపి ఊడదీయకండి. ఉన్నచోటే ఉంచి, పగటి వెలుతురులో కిటికీ పక్కన పెట్టి, ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో ఫోటో తీయండి. మా పెట్టె మీద సగం చిరిగిన లేబుల్ మీద ‘నాట్ వాంటెడ్ ఆన్ వాయేజ్’ అన్న మాటలు మిగిలాయి. దారిలో అవసరం లేదు, ఓడ అడుగున సామాన్ల గదిలో వేయండి అని దాని అర్థం. కింద పి అండ్ ఓ అని ఉంది. బొంబాయి నుంచి లండన్‌కు టపా ఓడలు నడిపిన కంపెనీ అది. 1837లో స్పెయిన్, పోర్చుగల్ వైపు టపా మోయడంతో మొదలైంది. అందుకే దాని జెండాలో పోర్చుగల్ నీలం, తెలుపు, స్పెయిన్ ఎరుపు, పసుపు ఉంటాయి. మెనూ కార్డు మీదో, ఉత్తరం కాగితం మీదో ఆ నాలుగు రంగుల జెండా కనిపిస్తే కంపెనీ తేలినట్టే. లేబుల్ లేకపోతే తొందరపడకండి. అప్పట్లో బొంబాయికి లాయిడ్ ట్రియెస్టీనో అనే ఇటలీ కంపెనీ ఓడలు కూడా వచ్చేవి. 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి గాంధీజీ పి అండ్ ఓ వారి రాజ్‌పుతానా ఎక్కి వెళ్లారు, తిరిగి వచ్చింది మాత్రం ఇటలీ ఓడ పిల్స్‌నాలో.

ఇప్పుడు ఫోటో. భూతద్దం తీసుకుని పొగగొట్టాలు లెక్కపెట్టండి, తర్వాత ఓడ రంగు చూడండి. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో పి అండ్ ఓ ఓడలకు ఈ రెండూ చూస్తే చాలావరకు దగ్గరికి వస్తాం.

రెండు పొగగొట్టాలు, నల్ల రంగు అయితే ఓడలు చాలా ఉన్నాయి. 1923లో వచ్చిన మూల్తాన్, మలోజా. 1925లో వచ్చిన రాంచీ, రణ్‌పురా, రావల్పిండి, రాజ్‌పుతానా అనే నలుగురు అక్కచెల్లెళ్లు. అదే ఏడాది వచ్చిన కాథే, కోమొరిన్, చిత్రాల్. 1929లో వైస్‌రాయ్ ఆఫ్ ఇండియా. 1930 అక్టోబరులో అంబేడ్కర్ మొదటి రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లింది ఈ వైస్‌రాయ్ ఆఫ్ ఇండియాలోనే, మరుసటి ఏడాది వెళ్లింది మూల్తాన్‌లో. ఒకే పొగగొట్టం, తెల్ల ఓడ అయితే 1935లో వచ్చిన స్ట్రాత్‌మోర్, లేదా దాని తర్వాతి స్ట్రాతెడెన్, స్ట్రాతాలన్ అయి ఉండొచ్చు.

మా ఫోటోలో మూడున్నాయి. మూడు గొట్టాలవి నాలుగే. 1920లో సర్వీసులోకి వచ్చిన నాల్దెరా, నార్కుండా నల్లవి. 1931లో వచ్చిన స్ట్రాత్‌నేవర్, 1932లో వచ్చిన స్ట్రాత్‌ఎయిర్డ్ తెల్లవి. ఈ రెండింటితోనే కంపెనీ తన నల్ల రంగు వదిలి తెలుపుకు మారింది, పొగగొట్టాలకు లేత పసుపు వేసింది. ఎర్ర సముద్రం ఎండలో తెల్ల ఓడ తక్కువ కాగుతుంది. నలుపు తెలుపు ఫోటోలో కూడా ఈ తేడా దాగదు.

ఇక్కడే నేను దారి తప్పాను. 1342ను హిజ్రీ సంవత్సరం అనుకున్నాను. లెక్క కడితే 1923-24 వచ్చింది. మూడు గొట్టాలున్నాయి, ఆ కాలానికి స్ట్రాత్‌నేవర్ పుట్టలేదు, కాబట్టి నార్కుండా అని తీర్మానించేశాను. సి.వి. రామన్ 1921లో ఇంగ్లండ్ నుంచి తిరిగొచ్చిన ఓడ అది. సముద్రం నీలం రంగు గురించి ఆయన నేచర్ పత్రికకు రాసిన లేఖ కింద ‘ఎస్.ఎస్. నార్కుండా, బొంబాయి హార్బర్’ అనే ఉంటుంది. పెద్దతాత కూడా అదే ఓడ ఎక్కారంటే మా ఇంట్లో అందరికీ సంతోషం. కానీ ఫోటోలో ఓడ తెల్లగా ఉంది. ఎండ పడి అలా వచ్చిందేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మీరు ఆ పని చేయకండి. ఫోటో ఒకటి చెప్పి, మీ లెక్క ఇంకొకటి చెబితే, ముందు లెక్కనే అనుమానించండి.

మా ఫాతిమానగర్‌లో పట్వారీల ఇంట పుట్టిన పెద్దాయన ఒకరున్నారు, ఎనభై దాటాయి. పాత పహాణీలు చూసి పెరిగినవారు. ఫోటో తిప్పి చూడగానే, “తమ్ముడూ, ఇది హిజ్రీ కాదు, ఫసలీ. పక్కన ఫే అక్షరం కనబడట్లేదా?” అన్నారు. నేను సిరా మరక అనుకున్నది ఉర్దూ ఫే అక్షరం. ఫసలీ అంటే నిజాం రాజ్యంలో పంటల, శిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం.

మన నిజాం రాజ్యం కాగితాల మీద తేదీ చూస్తే ఇది గుర్తుపెట్టుకోండి. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఏడాది ఆజుర్ నెలతో, అంటే అక్టోబరు మొదటి వారంలో మొదలవుతుంది. కాబట్టి 1342 ఫసలీ అంటే 1932 అక్టోబరు నుంచి 1933 అక్టోబరు దాకా. ఓడ తెలుపు సరిపోయింది. నార్కుండా కాదు, స్ట్రాత్‌నేవర్ లేదా స్ట్రాత్‌ఎయిర్డ్.

ఈ రెండు ఓడల దగ్గర నేను కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఇవి నా పనికి చుట్టాలు. డీజిల్ లోకోలో ఇంజన్ నేరుగా చక్రాలను తిప్పదని షెడ్‌లో పనిచేసిన ఎవరికైనా తెలుసు. ఇంజన్ జనరేటర్‌ను తిప్పుతుంది, ఆ కరెంటుతో ట్రాక్షన్ మోటార్లు చక్రాలను తిప్పుతాయి. వైస్‌రాయ్ ఆఫ్ ఇండియాతో పి అండ్ ఓ ఇదే పద్ధతి ఓడలో పెట్టింది. బాయిలర్ ఆవిరితో టర్బైన్, టర్బైన్‌తో కరెంటు, కరెంటుతో ప్రొపెల్లర్ మోటారు. అదురు తక్కువ. వెనక్కి నడపడానికి వేరే టర్బైన్ అక్కర్లేదు, మోటారును తిరగేస్తే చాలు. 1932లో అది లండన్ నుంచి బొంబాయికి వేగంగా వచ్చి రికార్డు పెట్టింది. స్ట్రాత్‌నేవర్, స్ట్రాత్‌ఎయిర్డ్‌లలోనూ ఇదే ఏర్పాటు. వాటి మూడు గొట్టాల్లో పొగ వచ్చేది మధ్యదానిలోంచే. ముందుది, వెనకది అందానికి. గొట్టాలు ఎక్కువుంటే ఓడ బలమైనదని అప్పటి జనం నమ్మకం. యుద్ధం తర్వాత బాగుచేసినప్పుడు ఆ రెండూ తీసేశారు. కాబట్టి స్ట్రాత్‌నేవర్ ఫోటోలో ఒకే గొట్టం ఉంటే అది యుద్ధం తర్వాతిది.

కుటుంబంలో చెప్పుకునే కథలను కూడా ఇలాగే సరిచూడండి. 1946లో వైస్‌రాయ్ ఆఫ్ ఇండియాలో వచ్చారని ఎవరైనా అంటే, అది కుదరదు. 1942 నవంబరులో అల్జీరియా దగ్గర జర్మన్ జలాంతర్గామి దాన్ని ముంచింది. ఆ నెలలోనే నార్కుండా, కాథే పోయాయి, డిసెంబరులో స్ట్రాతాలన్. రావల్పిండి అయితే 1939 నవంబరులోనే రెండు జర్మన్ యుద్ధనౌకలకు ఎదురెళ్లి మునిగింది, 238 మంది చనిపోయారు. రాజ్‌పుతానా, కోమొరిన్ 1941లో పోయాయి.

ఇక మనిషి పేరు వెతకాలి. లండన్ శివార్లలో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ప్రయాణికుల జాబితాలున్నాయి. బ్రిటన్‌కు వచ్చినవారివి బీటీ 26 అనే వరుసలో, బ్రిటన్ నుంచి వెళ్లినవారివి బీటీ 27 అనే వరుసలో ఉంటాయి. మొదటిది యాన్సెస్ట్రీ సైట్‌లో, రెండోది ఫైండ్‌మైపాస్ట్‌లో దొరుకుతాయి. అసలు పేజీ చూడాలంటే డబ్బు కట్టాలి. మన పేర్లతో ఇబ్బంది ఉంటుంది. ఇంటిపేరు ముందు పెట్టే మన అలవాటు అక్కడి గుమస్తాకు తెలియదు. చివరి మాటనే ఇంటిపేరుగా రాసుకునేవాడు. రావు, రెడ్డి కింద వెతకండి, తర్వాత అసలు పేరు కింద, దాని స్పెల్లింగ్ నాలుగైదు రకాలుగా మార్చి. వెళ్లేటప్పటి జాబితాలో దొరక్కపోతే నిరాశపడకండి. చాలామంది ఫ్రాన్స్‌లో మార్సెయ్ రేవులో దిగి రైల్లో లండన్ వెళ్లేవారు, అలాంటివారి పేర్లు లండన్ రేవు లెక్కలో ఉండవు. తిరుగు ప్రయాణం మీద దృష్టి పెట్టండి. మాకు దొరికింది అందులోనే. స్ట్రాత్‌నేవర్, టూరిస్ట్ క్లాస్, గమ్యం బొంబాయి, వృత్తి దగ్గర ‘విద్యార్థి’. పేరు రావు కింద ఉంది.

స్కాలర్‌షిప్ మీద వెళ్లారని మీ ఇంట్లో అనుకుంటుంటే, తార్నాకలోని తెలంగాణ స్టేట్ ఆర్కైవ్స్‌లో అడగండి. ఆ కాలపు ఫైళ్లు ఎక్కువగా ఉర్దూలో ఉంటాయి, చదవగలిగినవారిని వెంట తీసుకెళ్లండి. ఓడ వివరాలు సరిచూసుకోవడానికి పి అండ్ ఓ హెరిటేజ్ వాళ్లు ఒక్కో ఓడ చరిత్రను విడిగా ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు.

అంతా తేలాక ఫోటో వెనకాల పెన్నుతో రాయకండి, సిరా ముందువైపుకు దిగుతుంది. మెత్తటి పెన్సిల్‌తో, అంచున, తేలిగ్గా రాయండి. నేను రాసింది ఇదీ: ‘స్ట్రాత్‌నేవర్. 1342 ఫసలీ, అంటే 1932-33. పెద్దతాత తిరిగొచ్చిన ఓడ. బొంబాయి నుంచి వాడి మీదుగా సికింద్రాబాద్, అక్కడి నుంచి కాజీపేట.’ చివరి ఊరు పేరు రాసేటప్పుడు నా చెయ్యి వణికింది.