స్టేజ్ 1 స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్‌కు పెద్ద ఇంటర్‌కూలర్

స్టేజ్ 1 ట్యూన్ (ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్పు)తో బూస్ట్, అంటే టర్బో గాలి ఒత్తిడి, పెరిగింది కాబట్టి టర్బో ఇచ్చే గాలి కూడా మరింత వేడెక్కుతుంది. ఆ గాలిని ఇంజిన్‌లోకి వెళ్లేలోపు చల్లబరిచేదే ఇంటర్‌కూలర్. హైదరాబాద్ మే ఎండలో వెంటవెంటనే గట్టిగా తొక్కితే ఇన్‌టేక్ ఉష్ణోగ్రత 65 డిగ్రీలు దాటుతుంది, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఇగ్నిషన్ టైమింగ్ తగ్గిస్తుంది, అంటే స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది, బండి బరువెక్కినట్టుంటుంది. ముందు ఓబీడీ (కారు డయాగ్నస్టిక్ పోర్టు)లో ఇన్‌టేక్ ఉష్ణోగ్రత, టైమింగ్ రెండూ లాగ్ చేయండి.

ఈ కారులో ఇంటర్‌కూలర్ ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య ఉంటుంది. మరీ మందపు కోర్ (గాలి చల్లబడే జాలీ భాగం) పెడితే రేడియేటర్‌కు గాలి ఆడదు. రోడ్డు మీద తిరిగే కారుకు నా ఓటు తేలికైన ట్యూబ్-ఫిన్ (సన్న గొట్టాలు, రేకులతో చేసిన) కోర్‌కే.

బంపర్ తీసి, లాక్ క్యారియర్ (రేడియేటర్‌ను పట్టి ఉంచే ముందు ఫ్రేమ్) ముందుకు జరపాలి. కండెన్సర్ పైపులు విప్పొద్దు, గ్యాస్ పోతుంది. పాత హోసుల్లోని ఆయిల్ తుడిచేయాలి, లేకపోతే క్లాంప్ ఉన్నా బూస్ట్‌కు ఊడొస్తాయి. కోర్ పక్క సందులన్నీ ఫోమ్ పట్టీతో మూయాలి. చాలామంది వదిలేసే పని ఇదే. గాలి ఎప్పుడూ సులువైన దారే చూసుకుంటుంది. తర్వాత హోసుల్లోకి 1 బార్ ఒత్తిడితో గాలి పెట్టి, జాయింట్ల మీద సబ్బునీళ్లు చల్లి లీకు చూడాలి.

ఈ పనిలో రేడియేటర్ కూలెంట్ దించితే జీ12 ఈవో కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగంసగం కలిపి వాక్యూమ్ ఫిల్లర్ (లోపలి గాలి లాగేసి నింపే పరికరం)తో నింపాలి. బోరు నీళ్లు వద్దేవద్దు, లోపల సున్నం పేరుకుంటుంది. మొదటి డ్రైవ్ తర్వాత ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మట్టం చూసుకోండి.